బదనిక రుచి

మా అత్తగారికి మాట్లాడటానికి నోరు ఖాళీ దొరికేది భోజనాల వేళే. మిగతా పొద్దంతా ఆవిడ పెదవుల మధ్య ఒక అంటుపుల్ల ఉండేది. మా కడియం వైపు అంటు కట్టే ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటే అది. మంచి చెట్టు నుంచి కోసిన పుల్ల మొదలును రెండు పక్కలా చెక్కి, కుండీలో పెంచిన వేరుమొక్క తల నరికి, దానికి చీలిక పెట్టి, అందులోకి పుల్లను దించాలి. చీలిక పెట్టడానికి రెండు చేతులూ కావాలి. ఈలోగా చెక్కిన పుల్లను కింద పెడితే మట్టి అంటుతుంది, గాలికి ఆరిపోతుంది. అందుకని పెదవుల మధ్య పెట్టుకుంటారు. పుల్లలోంచి కారే మామిడి జీడికి మూతి పొక్కినా ఎవరూ మానరు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ నోట్లో పుల్ల తియ్యకుండానే నాకు పనులు చెప్పేది. "ఊఁ" అంటే నీళ్ళు తెమ్మనో, "ఊఁహూఁ" అంటే కత్తి అలా పట్టుకోకూడదనో నేనే ఊహించుకోవాలి. తప్పుగా ఊహిస్తే తిట్లు, అవీ ముక్కుతోనే. పుల్ల తీసి తిట్టొచ్చు కదా అని ఒకసారి అడిగాను. నిన్ను తిట్టడం కోసం మంచి పుల్ల పాడు చేసుకుంటానా అంది. ఆవిడ పేరు అచ్చాయమ్మ. నన్ను కూతురిలా చూసుకుందని చెబితే మా ఊళ్ళో నవ్వుతారు. కోడలిలాగే చూసింది. పని మాత్రం కూతురికి నేర్పినట్టు నేర్పింది.

ఆవిడ కట్టిన అంటు ఎండిపోవడం మా నర్సరీలో అరుదు. ఎండినవన్నీ ఒకే రకానివి, గిన్నెకాయ. అది ఆవిడ పుట్టింటి పెరట్లోని మామిడి. తొడిమ దగ్గర లోతుపడి చిన్న గిన్నెలా ఉండేదట కాయ. అలాంటిది ఇంకెక్కడా లేదు. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఆ చెట్టును కొట్టేస్తున్నారని తెలిసి, పరుగున వెళ్ళి కొంగు నిండా పుల్లలు కోసుకొచ్చింది. ఎన్ని వేరుమొక్కల మీద కట్టినా అవి నిలవలేదు. ఒకే ఒక్కటి బతికింది. అది కూడా ఏడాదికి నాలుగు ఆకులు వేసి, అక్కడితో ఆయాసం తీర్చుకునేది. అత్తగారు పొద్దున్నే దాని ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కాఫీ తాగేది. చూసేవాళ్ళకి ఒంట్లో బాగులేని చుట్టాన్ని పలకరిస్తున్నట్టుండేది.

మా తమ్ముడు భాను మా ఇంటికి సామానుతో దిగింది అప్పుడే. వాడు మొక్కల శాస్త్రం చదివి ఏదో పరిశోధనశాలలో కొన్నాళ్ళు పనిచేశాడు. వాడి ఆలోచన అక్కడి పెద్దలకు పిచ్చిగా తోచింది. మా ఆయన వీర్రాజుకి మాత్రం బావమరిది మాట మీద గురి. నర్సరీ వెనక పాక ఖాళీ చేసి ఇచ్చాడు. భాను అందులో ఒక మూల అద్దాల గది కట్టించి, గాలి వడపోసే యంత్రం బిగించి, లోపల గాజు సీసాలు పేర్చుకున్నాడు. ఆ సీసాల్లో ఉన్నది బయటికి పోకూడదని ఆ గది.

వాడి పిచ్చి పేరు బదనిక. మామిడి కొమ్మల మీద వేరే రకం ఆకులతో గుబురుగా కనిపిస్తుందే, అది. పిట్ట వదిలిన గింజ కొమ్మ మీదే మొలిచి, బెరడులోకి వేరు దించి, చెట్టు రసం తాగి బతికేస్తుంది. మాకు కనపడితే కొమ్మతో సహా నరికేస్తాం. భాను దానికి కుర్చీ వెయ్యడమే తక్కువ.

"అక్కా, మామిడి మీద పనస కడితే నాలుగు రోజుల్లో నల్లబడిపోతుంది. ఇది పరాయిదని చెట్టు గుర్తుపట్టి దారి మూసేస్తుంది. మరి బదనికను ఎందుకు రానిస్తోంది?" అని అడిగాడొకరోజు.

నాకేం తెలుసు అన్నాను. వాడికి తెలిసిందట. బదనిక వేరు కొసన కంటికి ఆనని ఒక క్రిమి ఉంటుంది. అది చెట్టు లోపలికి వెళ్ళి, ఏది తనది, ఏది పరాయిది అన్న తెలివిని మరిపిస్తుంది. తెలివి మరిచిన చెట్టు ఎవరొచ్చినా తలుపు తీస్తుంది. ఆ క్రిమిని సీసాల్లో పెంచి, పల్చటి గంజి లాంటి రసం చేశాడు. ఆ రసంలో ముంచిన పుల్లను ఏ చెట్టు మీద కట్టినా నిలవాలి. రెండు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నవాడికి పెరడంటే ఒక్క చెట్టుకే చోటు. ఆ ఒక్క చెట్టే వాడి తోట కావాలన్నది మా తమ్ముడి కోరిక. చెడ్డ కోరికేమీ కాదు. ఇప్పటికీ నేను ఆ మాటే అంటాను.

వాడు తొందరపడే మనిషి కూడా కాదు. రసాన్ని ముందు తన ముంజేతికి రాసుకుని నెలల తరబడి చూసుకున్నాడు. ఎలుకల చేత తాగించాడు. చర్మం దాటి పోలేదు, కడుపులో పడ్డది అరిగిపోయింది. అయినా అంటు కట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోమని మా అత్తగారికి మరీమరీ చెప్పాడు. ఆవిడ వేసుకుంది. ఈ వయసులో నాకు డాక్టరు వేషం వేశావయ్యా అని మురిసింది కూడా.

వేరుమొక్కకు బదులు పెరట్లో ఉన్న నేరేడు చెట్టును ఎంచుకున్నారు. వరదొచ్చినా తట్టుకునే మొదలు దానిది. ఒక కొమ్మకు పనస, ఒకదానికి జామ, ఒకదానికి నిమ్మ కట్టారు. భాను గిన్నెలో రసం పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ పుల్ల చెక్కేది, రసంలో ముంచేది, చీలిక పెట్టేది, దించేది, నేను టేపు చుట్టేదాన్ని. అన్నీ నిలిచాయి. అప్పుడు ఆవిడ వెళ్ళి, గిన్నెకాయ మొక్క నుంచి ఉన్న పుల్లలన్నీ కోసేసింది. అది పోతే ఇక లేదని నేను భయపడ్డాను. ఆవిడ మాత్రం చెట్టు నడినెత్తిన, ఎండ బాగా తగిలే కొమ్మకు కట్టింది.

అది చిగురు వేసిన రోజు మా ఇంట్లో పరమాన్నం వండారు. పుట్టినరోజు ఎవరిదని పక్కింటివాళ్ళు అడిగితే మా ఆయన చెట్టు వైపు చూపించాడు. రెండో ఏడు ఒకే చెట్టుకు జామకాయలు, నిమ్మకాయలు, పనస పిందెలు, పైన మామిడి పూత. ఊరు ఊరంతా చూసిపోయింది. మాకూ ఒకటి కట్టిపెట్టమని చాలామంది అడిగారు. ఇంకో రెండేళ్ళు చూశాకే అని భాను ఎవరికీ ఇవ్వలేదు. ఆ మాట మీద వాడు గట్టిగా నిలబడ్డందుకు నేను దేవుడికి దణ్ణం పెట్టని రోజు లేదు.

గిన్నెకాయ పండింది. అత్తగారు మొదటి పండు కోసి, పుట్టింటివాళ్ళందరి పేర్లూ చెప్పుకుంటూ తలో ముక్కా పంచి, తన ముక్క చేతిలోనే పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తినవేం అంటే, తింటే అయిపోతుందిగా అంది.

వానలు పడ్డాక జామ కొమ్మకు తెల్లపురుగు పట్టింది. అది మామూలే. కానీ పురుగు జామతో ఆగలేదు. నిమ్మకు పట్టింది, పనసకు పట్టింది, మామూలుగా దాని జోలికి పోని నేరేడుకు కూడా పట్టింది. మందు కొడితే పోయేది, మర్నాటికి ఇంకేదో వచ్చేది. ఏ చెట్టుకైనా దెబ్బ తగిలితే జిగురు కార్చి గాయం మూసుకుంటుంది. ఈ చెట్టు గాయాలు తెరుచుకునే ఉన్నాయి. బూజు, పుట్టగొడుగు, చెదలు, ఏదొచ్చినా చోటిచ్చింది. భాను చెట్టు చుట్టూ తిరిగి తిరిగి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. తలుపు తీయడం నేర్పాను గానీ వెయ్యడం నేర్పలేదక్కా అన్నాడు. వాడి మొహం చూసి నేను చెట్టు గురించే బాధపడ్డాను. ఇంట్లో అదే జరుగుతోందని అప్పటికి మాకెవరికీ తెలియదు.

అత్తగారి వేలికి నిమ్మముల్లు గుచ్చుకుంది. పసుపు పెట్టి కట్టుకుంది. ఆవిడ వేళ్ళకి ముళ్ళు కొత్త కాదు. ఆ వేలు మాత్రం వాచి, చీము పట్టి, చెయ్యంతా పాకింది. ఆ వెంటనే నాలిక మీద తెల్లపొర, దగ్గు, విడవని జ్వరం. కాకినాడ ఆసుపత్రిలో చేర్పించాం. అక్కడి డాక్టరమ్మ ఓపిక గల మనిషి. పరీక్షలన్నీ చేయించి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఒంటికి కాపలా కాసే కణాలు ఉండవలసినన్ని ఉన్నాయట. కానీ అవి పనిచెయ్యడం లేదట. క్రిమి పక్కన పెట్టినా చుట్టాన్ని చూసినట్టు ఊరుకుంటున్నాయట. ఇలాంటిది తను ఎక్కడా చదవలేదంది.

నా పక్కన కూర్చున్న భాను లేచి నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళాడు.

"అత్తయ్యగారూ, గ్లౌజులు ఎప్పుడైనా తీసేసి కట్టారా?"

"లేదు బాబూ, నీ మీదొట్టు. ఒక్క పుల్లకి కూడా తియ్యలేదు."

మరి రసం ఒంట్లోకి ఎలా వెళ్ళిందని వాడు తనలో తనే గొణుక్కున్నాడు. పుల్ల పట్టుకున్న దగ్గర్నుంచి ఏం చేసేవారో ఒక్కసారి చేసి చూపించమన్నాడు. మా వెనకాలే వచ్చిన డాక్టరమ్మ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చింది. అత్తగారు దుప్పటి అంచును వేరుమొక్క అనుకుంది. పెన్నును చెక్కినట్టు చేసింది, మంచం మీది గ్లాసులో ముంచినట్టు చేసింది, అడ్డంగా పెదవుల మధ్య పెట్టుకుని, రెండు చేతులతో దుప్పటి చీల్చబోయింది.

భాను కళ్ళ ముందే, గిన్నె పట్టుకుని నిలబడ్డ వాడి కళ్ళ ముందే, ఆవిడ అన్ని అంట్లూ అలాగే కట్టింది. సెలవుల్లో మా ఇంటికొచ్చినప్పుడు వాడూ అలాగే కట్టాడు. ఊపిరి పీల్చడాన్ని ఎవరు చూస్తారు? మేమూ అంతే. జీడికి పొక్కి పగిలిన పెదవులు ఆవిడవి. చర్మం దాటలేని క్రిమికి అక్కడ దారి దొరికింది.

అత్తగారు పెన్ను తీసి, మా మొహాలు చూసి, తనేదో తప్పు చేసినట్టు అడిగింది.

"ఏం బాబూ, అలా పెట్టుకోకూడదా? రుచి బానే ఉండేది. ముందు వగరు, వెనకాలే తీపి. మామిడి పుల్ల అలా ఉండదు, అది నీ మందు రుచే అనుకున్నాను."

భాను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఆవిడ మంచి చెయ్యితో వాడి తల నిమరబోయింది. డాక్టరమ్మ వద్దని ఆపింది. మనిషిని ముట్టుకోకూడదని ఆవిడకి చెప్పడం అదే మొదలు.

క్రిమిని చంపే మందులిచ్చారు. క్రిమి చచ్చింది. మరిచిపోయిన తెలివి మాత్రం తిరిగి రాలేదు. హైదరాబాదు నుంచి ఎవరెవరో వచ్చి రక్తం తీసుకెళ్ళారు. ఏమీ తోచక ఊరుకున్నారు. ఆసుపత్రిలో ఉంటే పక్కవాళ్ళ రోగాలు అంటుతాయి, ఇంటికి పంపితే గాలిలోవి అంటుతాయి. వడపోసిన గాలి ఉండే గది ఇంట్లో ఏమైనా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. ఉంది. మా పాకలోనే ఉంది. లోపలిది బయటికి పోకూడదని కట్టిన గదిలో సీసాలన్నీ కాల్చేసి, కడిగి, బయటిది లోపలికి పోకుండా మా అత్తగారిని పెట్టుకున్నాం.

మట్టి ముట్టుకోకూడదు, ఆకు ముట్టుకోకూడదు, పచ్చిది ఏదీ తినకూడదు. మా ఆయన ముసుగు వేసుకుని, ఒళ్ళంతా మందునీళ్ళతో తుడుచుకుని, పూటకోసారి ఉడికించిన తిండి లోపల పెట్టి వస్తాడు. మొక్కల పని ఇప్పుడు నాదే కనక నన్ను అసలే రానివ్వరు. నేను అద్దం బయట కూర్చుంటాను. ఫోనులో మాట్లాడుకుంటాం. పక్కనే ఉన్న మనిషితో ఫోనులో మాట్లాడటం ఎంత సిగ్గుగా ఉంటుందో చెప్పలేను. ఆవిడ మంచం పెరటి వైపుకి తిప్పించుకుంది. అక్కణ్ణుంచి నేరేడు చెట్టు కనపడుతుంది.

ఇద్దరూ ఒకేసారి క్షీణించారు, ఆవిడా, ఆ చెట్టూ. పనస కొమ్మ విరిగిపడింది. నిమ్మ మోడైంది. నేరేడు మొదలు పట్టుకుంటే పిండిలా రాలుతోంది. ఇక్కడ ఆవిడకి ఒక ఊపిరితిత్తి పాడైంది. చెట్టును కాల్చేస్తే గానీ ఆ క్రిమి చావదని భాను అన్నాడు. అత్తగారు వద్దనలేదు. గిన్నెకాయ పుల్లలు తీసుకున్నాక కాల్చమంది.

గిన్నెకాయ కొమ్మలోని రసంలోనూ ఆ క్రిమి ఉంటుందని భాను చెప్పాడు. పండులోకి రాదు, పుల్లలో ఉంటుంది. అయితే కొసన కొత్తగా వచ్చిన చిగుళ్ళలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కొన్ని పుల్లలు కట్టి చూస్తే, అందులో శుభ్రమైనది ఒక్కటైనా దొరకొచ్చు. వాడు చేస్తానన్నాడు గానీ వాడి చేతికి అంటు నిలవదు. నేను కడతానన్నాను. అత్తగారి పని తెలిసింది ఇంట్లో నాకే. ఆవిడ కోసం ఇంకేమీ చెయ్యలేకపోయిన దాన్ని, ఈ ఒక్కటీ చేతనవుతుందనుకున్నాను.

ఆవిడకి కనపడేలా అద్దం ముందే ముక్కాలి పీట వేసుకున్నాను. ఫోను కింద పెట్టాను. నాకు గ్లౌజులు తొడిగి భాను నిచ్చెన ఎక్కి పుల్లలు కోసిచ్చాడు. చెక్కిన పుల్ల పెట్టుకోవడానికి పక్కన స్టీలు పళ్ళెం, దాని మీద తడిగుడ్డ. నోట్లో పెట్టుకోకు అక్కా అని వాడు చెప్పాడు. నాకు చెప్పాలా అన్నాను, కోపంగానే అన్నాను.

మొదటిది చెక్కి పళ్ళెంలో పెట్టాను, చీలిక పెట్టాను, దించాను, చుట్టాను. రెండోదీ అంతే. లోపల అత్తగారు దిండుకి ఆనుకుని చూస్తోంది. మూడోది దించుతుంటే మెల్లగా తలూపింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ నా పనికి తలూపడం అదే మొదలు. నా కళ్ళు తడిశాయి, తుడుచుకోవడానికి కూడా లేదు. ఒకటి, మరొకటి, చేతులు వాటి దారిన అవి నడిచాయి. పెరట్లో విరిగిన కొమ్మలు భాను కుప్ప వేస్తున్న చప్పుడు. గాలి లేచింది. కుండీ ఒరిగింది. మోకాళ్ళతో పట్టుకుని, రెండు చేతులతో చీలిక పెట్టాను.

అత్తగారు అద్దం మీద కొట్టింది.

తలెత్తి చూశాను. రెండు అరచేతులతో కొడుతోంది. ముక్కు మీది గాలి గొట్టం ఊడి వేలాడుతోంది. తల అడ్డంగా ఊపుతోంది. నోరు తెరిచి ఏదో అంటోంది, మందపాటి అద్దం లోంచి నాకు వినపడింది ఒక్కటే, "ఊఁహూఁ". పాత రోజులు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. కత్తి పట్టు మళ్ళీ తప్పిందనుకుని, ఆవిడ నేర్పినట్టు బొటనవేలు వెనక్కి జరిపాను. సరేనా అన్నట్టు ఆవిడ వైపు చూసి, "ఊఁ" అన్నాను.

ఎందుకు "ఊఁ" అన్నాను, నోరు తెరిచి సరే అనొచ్చు కదా అని అప్పుడు తోచింది.

అంటు కట్టే సీజను మొదలై కొన్నాళ్ళయింది. మా ఊళ్ళో అందరి మూతులూ పొక్కినట్టే నాదీ పొక్కి ఉంది. పెదవి మంటెత్తింది. నాలిక కొసన మామిడి పుల్లకుండే ఆ చిరు పులుపు లేదు. ముందు వగరు తగిలింది. వెనకాలే తీపి.

అద్దానికి అటువైపు ఆవిడ కొట్టడం మానేసి, నుదురు ఆనించి ఏడుస్తోంది. నేను పెదవుల మధ్యనున్న పుల్ల తీసి చూశాను. ఎర్రటి చిగురుతో ముచ్చటగా ఉంది. అది కట్టి లాభం లేదని రుచే చెప్పింది. అయినా చీలికలో దించి, టేపు చుట్టి, ముడి వేశాను. ఆ ఘడియలో నాకు చేతనైంది అదొక్కటే. తర్వాత గ్లౌజులు విప్పి, లేచి, ఆవిడ అరచేతికి ఎదురుగా అద్దం మీద నా అరచెయ్యి పెట్టాను. అద్దం చల్లగా ఉంది.

భాను ఇంకా పెరట్లోనే ఉన్నాడు. కాసేపట్లో చేతులు దులుపుకుంటూ వచ్చి ఎన్ని కట్టావని అడుగుతాడు. వాడికి ఎలా చెప్పాలో తెలియక నేను గది వైపే చూస్తూ నిలబడ్డాను. అత్తా కోడళ్ళను ఒక్క గదిలో పెడితే మూడో రోజుకి ఇల్లు పీకి పందిరేస్తారని మా ఆయన ఎప్పుడూ నవ్వేవాడు. లోపల ఆవిడ మంచం పక్కన కిటికీ దాకా కాస్త ఖాళీ ఉంది. ఇంకో మంచం పడుతుంది.